పాపం గురించి అడిగే ముందు సృష్టి గురించి అడగాలి

మీ ఉత్తరంలో మీరు ఒకే ప్రశ్నగా రాశారు గానీ అందులో ముఖ్యంగా మూడున్నాయి. దేవుడు చేసినదంతా మంచిదే అయితే చెడు ఎక్కడి నుంచి వచ్చింది? ఎప్పుడో ఆదాము తిన్న పండుకి నేనెందుకు పాపిని? ఎవరో ఒకాయన సిలువ మీద చనిపోతే నా పాపం ఎలా పోతుంది? చిన్నప్పటి నుంచి ఈ మాటలు వింటున్నా ఒకదానితో ఒకటి అతకడం లేదనీ, అడిగితే "విశ్వాసం తక్కువైంది" అంటున్నారనీ బాధపడ్డారు. ముందు ఆ బాధ పక్కన పెట్టండి. ఇవి విశ్వాసం తక్కువైనవాళ్ళు అడిగే ప్రశ్నలు కావు, సంఘంలో మహా మహా పండితులు జీవితాంతం తలలు బద్దలు కొట్టుకున్న ప్రశ్నలు.

చాలా ఏళ్ళుగా బైబిల్ పాఠాలు చెబుతున్నాను. నేను చూసినంతలో ఇవి అతకకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. కథని ఆదికాండము మూడో అధ్యాయం నుంచి, అంటే ఆదాము పండు తినడం దగ్గర నుంచి మొదలుపెడతాం. "నువ్వు పాపివి, యేసు నీకోసం చనిపోయాడు, నమ్మితే పరలోకం" అని మూడు ముక్కల్లో చెప్పేస్తాం. అందులో అబద్ధమేమీ లేదు, కానీ బైబిల్ మొదటి పుస్తకమైన ఆదికాండములో మొదటి రెండు అధ్యాయాలు, చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో చివరి రెండు అధ్యాయాలు వదిలేసి చెప్పిన కథ అది. ఏది పాడైందో తెలియకుండా ఎలా పాడైందో ఎలా అర్థమవుతుంది? దాన్ని బాగుచేయడమంటే ఏమిటో అసలే అర్థం కాదు.

కాబట్టి మొదటి అధ్యాయం. "అది మంచిదని దేవుడు చూచెను" అనే మాట అక్కడ మళ్ళీ మళ్ళీ వచ్చి, చివరికి 31వ వచనంలో మొత్తాన్ని చూసి "చాలమంచిదిగ నుండెను" అని ముగుస్తుంది. వెలుగు, నీళ్ళు, నేల, చెట్లు, చేపలు, పశువులు, ఆడ మగ శరీరాలు, అన్నీ ఆ మాట కిందికే వస్తాయి. ఇప్పుడు మనకి మామూలుగా అనిపిస్తుంది గానీ ఆ కాలంలో ఇది చాలా తెగువ ఉన్న మాట. బబులోను వాళ్ళ సృష్టి కథలో మర్దూకు అనే దేవుడు తియామతు అనే సముద్ర దేవతని యుద్ధంలో చంపి, ఆ శరీరాన్ని రెండుగా చీల్చి, ఒక సగంతో ఆకాశాన్ని చేస్తాడు. ఓడిపోయిన మరో దేవుడి రక్తంతో మనుషుల్ని తయారుచేస్తారు, ఎందుకంటే దేవుళ్ళ చాకిరీ ఎవరో ఒకరు చేయాలి. అంటే ఆ లెక్కన హింస లోకానికి పునాదిలోనే ఉంది, మనిషి పుట్టిందే వెట్టికి. ఆదికాండములో యుద్ధం లేదు, ఎదురు నిలిచేవాడు లేడు, దేవుడు పలుకుతాడు, అది కలుగుతుంది. చుట్టుపక్కల జనాలంతా మొక్కే సూర్యచంద్రుల్ని పేరు పెట్టి కూడా పిలవకుండా "పెద్ద జ్యోతి", "చిన్న జ్యోతి" అంటుంది, అదీ నాలుగో రోజు దాకా వాటి ఊసే ఎత్తకుండా.

ఇంకొకటి, నాకు బాగా ఇష్టమైనది. ఈజిప్టులో, మెసొపొటేమియాలో "దేవుడి ప్రతిరూపం" అనే బిరుదు రాజులకి ఉండేది. ఆదికాండము 1:27 ఆ గౌరవాన్ని తీసి నరజాతి మొత్తానికి ఇచ్చేసింది, "స్త్రీనిగాను పురుషునిగాను" అని విడమరిచి మరీ చెప్పింది. ఈ గౌరవం పతనంతో, అంటే ఆదాము హవ్వలు పాపంలో పడడంతో, పోలేదు. జలప్రళయం తర్వాత 9వ అధ్యాయంలో నరహత్య ఎందుకు ఘోరమో చెబుతూ దేవుడు మళ్ళీ ఇదే కారణం చూపిస్తాడు, కొత్త నిబంధనలో యాకోబు కూడా మనుషుల్ని శపించకూడదనడానికి ఇదే గుర్తుచేస్తాడు. అందుకే "నువ్వు పురుగువి, ఎందుకూ పనికిరావు" అని మనిషిని నలిపేసే బోధ ఎక్కడ విన్నా నాకు కోపం వస్తుంది. దేవుడు పనికిరానిదాని కోసం ప్రాణం పెట్టలేదు.

ఆరు రోజులంటే ఇరవైనాలుగు గంటల రోజులేనా అన్న వాదన ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా తెస్తారు. దాని మీద విశ్వాసుల్లో రకరకాల అభిప్రాయాలున్నాయి, సైన్స్ పుట్టకముందు నుంచీ ఉన్నాయి. 354లో పుట్టి 430లో చనిపోయిన బిషప్, పండితుడు ఆగస్టీన్ ఆ రోజుల్ని మామూలు రోజులుగా తీసుకోలేదు, ప్రకృతి విషయాల్లో తెలియకుండా మాట్లాడి బైబిల్‌ని నవ్వులపాలు చేయొద్దని తన కాలం క్రైస్తవుల్ని గట్టిగానే హెచ్చరించాడు. మీ ప్రశ్నకి ఆ వాదన తేలనక్కరలేదు.

తేలవలసింది ఇది: పదార్థం చెడ్డదా, మంచిదా? రెండో శతాబ్దంలో సంఘం ఎదుర్కొన్న పెద్ద గొడవల్లో ఇదొకటి. ఈ లోకాన్ని చేసింది ఒక తక్కువ స్థాయి దేవుడనీ, యేసు తండ్రి వేరే దేవుడనీ మార్సియోన్ అనే బోధకుడు చెప్పాడు, 144లో రోమా సంఘం అతన్ని వెలివేసింది. శరీరం చెర అనీ ఆత్మ దాన్ని వదిలించుకోవడమే రక్షణ అనీ చెప్పే గుంపులు ఇంకా చాలా ఉండేవి. వాళ్ళకి జవాబుగా 180 ప్రాంతంలో లియోన్ బిషప్ ఇరేనియస్ పెద్ద గ్రంథమే రాశాడు. అందులో ఆయన పట్టుపట్టిన సంగతి ఏమిటంటే, చేసినవాడూ రక్షించేవాడూ ఒక్కడే, కాబట్టి రక్షించబడేది ఆయన చేసిన ఈ సృష్టే. ఈ ఒక్కటి మనసులో గట్టిగా పెట్టుకుంటే మీ మూడు ప్రశ్నలూ ఒక దారిలో పడతాయి.

ఇప్పుడు చెడు సంగతి. ఆగస్టీన్ వయసులో ఉండగా మానీ మతంలో తిరిగాడు, వెలుగు ఒక శక్తి, చీకటి ఒక శక్తి, రెండూ ఎప్పటినుంచో కొట్టుకుంటున్నాయని వాళ్ళ బోధ. బయటికి వచ్చాక ఆయన తేల్చుకున్నది, చెడుకి సొంత ఉనికి లేదని. అది మంచికి పట్టిన లోటు, మంచి వంకర తిరగడం. అబద్ధం చెల్లాలంటే ముందు జనానికి మాట మీద నమ్మకం ఉండాలి, ద్రోహం చేయాలంటే ముందు స్నేహం ఉండాలి. చెడు ఎప్పుడూ మంచి మీద ఆధారపడే బతుకుతుంది, దేవుడు దాన్ని ఒక వస్తువులా చేసి లోకంలో పెట్టలేదు. ఆగస్టీనే తన పదహారో ఏట చేసిన దొంగతనం గురించి రాసుకున్నాడు: స్నేహితులతో రాత్రిపూట పక్కవాళ్ళ చెట్టు పళ్ళు దులిపారు, ఆకలి లేదు, అంతకంటే మంచి పళ్ళు ఇంట్లోనే ఉన్నాయి, తెచ్చినవాటిలో చాలావరకు పందులకి వేసేశారు. కావలసింది పండు కాదు, చేయకూడని పని చేయడంలోని రుచి. పెద్ద నేరాలు వదిలి ఆ చిన్న దొంగతనం మీద అన్ని పేజీలు ఎందుకు రాశాడా అనిపిస్తుంది గానీ, ఆదాము హవ్వలు ఉన్న ఏదెను తోటలో జరిగింది సరిగ్గా అదే.

ఆదికాండము 3 ఒకసారి నెమ్మదిగా చదవండి, చదివేటప్పుడు మాటలు ఎలా మారుతున్నాయో చూడండి. రెండో అధ్యాయంలో దేవుడు చెప్పింది, తోటలో ప్రతి చెట్టు ఫలమూ ఇష్టంగా తినొచ్చు, ఒక్కటి తప్ప అని. సర్పం దాన్ని తిరగేసి, ఏ చెట్టు ఫలమూ తినొద్దన్నాడా అని అడుగుతుంది. ధారాళంగా ఇచ్చిన దేవుడు ఒక్క ప్రశ్నతో పిసినారి అయిపోయాడు. హవ్వ సరిదిద్దుతుంది గానీ "ముట్టకూడదు" అని దేవుడు అననిది ఒకటి కలుపుతుంది. తర్వాత అసలు ఎర: మీరు దేవతలవలె అవుతారు. వాళ్ళు అప్పటికే దేవుని స్వరూపంలో ఉన్నారు! ఉన్నదాన్నే లేనట్టు చూపించి, దేవుణ్ణి పక్కన పెట్టి సంపాదించుకోమని చెప్పింది. పాపానికి వేరు అక్కడుంది, పండులో లేదు. "దేవుడు నా మేలు కోరేవాడు కాదు, నా మేలు నేనే చూసుకోవాలి" అన్న అనుమానం లోపల పడిన తర్వాతే చెయ్యి చెట్టు మీదికి పోయింది. అన్నట్టు భర్త అక్కడే ఉన్నాడు, "తనతోపాటు తన భర్తకును ఇచ్చెను" అని ఉంది, తప్పంతా ఆడదాని మీద వేసేవాళ్ళు ఆ మాట చూడరు.

తర్వాత ఏమేం చెడ్డాయో వరసగా కనిపిస్తుంది. ఒకరి ముందు ఒకరికి సిగ్గు వచ్చింది, ఆకులు కుట్టుకున్నారు. దేవుడి చప్పుడు వినగానే భయం వచ్చి చెట్ల మధ్య దాక్కున్నారు. అడిగితే ఆదాము "నీవు నాకిచ్చిన ఈ స్త్రీయే" అన్నాడు, ఒకే మాటలో భార్య మీదా దేవుడి మీదా నెట్టేశాడు. నేల ముళ్ళ తుప్పలు మొలిపిస్తుంది. భర్త నిన్ను ఏలుతాడు అన్న మాట కూడా ఈ చెడిన సంగతుల పట్టీలోదే, మొదటి అధ్యాయంలో ఏలుబడి ఇద్దరికీ కలిపి ఇచ్చాడు, కాబట్టి దాన్ని దేవుడి ఏర్పాటుగా చూపించి పెత్తనం చేయడం నాకు సరిగా కనబడదు. నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి అన్న తమ్ముణ్ణి పొలంలో చంపేశాడు. మానవులు రోజూ చూసే దుఃఖమంతా, దేవుడితో, తోటిమనిషితో, తనతో, నేలతో తెగిన సంబంధం, ఈ కొన్ని వచనాల్లోనే ఉంది.

అయినా ఇక్కడ రెండు విషయాలు గమనించండి. శపించబడింది సర్పమూ నేలా, మనుషులకి శిక్ష చెప్పాడు గానీ "మీరు శపించబడినవారు" అనలేదు. రెండోది, పారిపోయింది మనుషులు, "నీవు ఎక్కడ ఉన్నావు" అంటూ వెతుక్కుంటూ వచ్చింది దేవుడు. తోటలోంచి పంపే ముందు వాళ్ళ ఆకుల బట్టల స్థానంలో తానే చర్మపు చొక్కాయిలు చేసి తొడిగాడు. స్త్రీ సంతానం సర్పం తల చితక కొడుతుందన్న మాట కూడా తీర్పు చెబుతున్నప్పుడే చెప్పాడు. విమోచన మత్తయి సువార్తలో మొదలైందనుకుంటాం, మొదలైంది ఇక్కడ. అయితే సర్పంలోకి ఆ చెడు ఎలా వచ్చిందని అడిగితే ఆదికాండము చెప్పదు. చెడు పుట్టుకకి లెక్క చూపించడం కన్నా దాన్ని దేవుడు ఏం చేస్తాడన్నదే బైబిల్‌కి ముఖ్యం.

ఇక ఆదాము పండుకి నేనెందుకు బాధ్యుణ్ణి అన్నది. క్రైస్తవులంతా దీనికి ఒకే జవాబు చెప్పరు. పెలాగియస్ అనే బోధకుడు, ఆదాము చెడ్డ మాదిరి మాత్రమే, ప్రతివాడూ తలచుకుంటే పాపం లేకుండా బతకగలడు అన్న ధోరణిలో బోధించాడు. ఆగస్టీన్ అతనితో గట్టిగా వాదించాడు, 418లో కార్తేజి సభ, 431లో ఎఫెసు సభ ఆ వైపు బోధని ఖండించాయి. ఆగస్టీన్ దారిలో నడిచిన పడమటి సంఘాలు (కాథలిక్కులు, ప్రొటెస్టంట్లు) ఆదాము దోషం కూడా సంతతికి వస్తుందని ఎక్కువగా చెప్పాయి. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు దోషం రాదు, మరణమూ చెడిన స్థితీ వస్తాయి అంటాయి. తండ్రి దోషాన్ని కొడుకు మోయడని యెహెజ్కేలు 18 ఉంది కదా అని మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న, తూర్పు వాళ్ళ మాటలో ఆ బరువుంది. పడమటివాళ్ళూ తూర్పువాళ్ళూ ఇద్దరూ ఒప్పుకునేది ఒకటుంది: మనం మంచీచెడ్డల మధ్య తటస్థంగా పుట్టి తర్వాత ఎంచుకునేవాళ్ళం కాము. అబద్ధం ఎలా ఆడాలో ఏ పసిపిల్లకీ పాఠం చెప్పక్కరలేదు, నిజం చెప్పడమే నేర్పాలి. "నేను చేయగోరు మేలుచేయక చేయగోరని కీడు చేయుచున్నాను" అన్న పౌలు మాట చదివి ఇది నా గురించి కాదు అనగలిగినవాళ్ళని నేనింకా చూడలేదు.

మనిషి పూర్తిగా చెడిపోయాడు అనే సిద్ధాంతాన్ని కూడా జనం తప్పుగా పట్టుకుంటారు. ప్రతి మనిషీ ఎంత చెడ్డగా ఉండగలడో అంత చెడ్డగా ఉన్నాడని దాని అర్థం కాదు. బుద్ధి, కోరిక, ప్రేమ, భక్తి, చివరికి మన మంచి పనుల్లో కూడా చెడు తాకని భాగం లేదని అర్థం. భక్తి సైతం అహంకారానికి పనిముట్టు అయిపోతుంది, సువార్తల్లో "నేను ఇతరుల్లాంటివాణ్ణి కాను" అని దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్న పరిసయ్యుడి ప్రార్థన గుర్తుచేసుకోండి.

ఇంకో మాట. రోమా 5లో పౌలు ఆదాము పేరు ఎత్తింది మనల్ని ఇరికించడానికి కాదు. ఒకని అపరాధం అందరికీ తగిలినట్టయితే ఒకని నీతి అంతకంటే ఎంతో ఎక్కువగా అందరికీ అందుతుంది, అదీ ఆయన వాదన, "మరి ఎక్కువగా" అని మళ్ళీ మళ్ళీ అంటాడు. ఒకడి వల్ల నాకు రావడమేమిటి అని ఆదాము దగ్గర మొత్తంగా కాదంటే, క్రీస్తు దగ్గర కూడా కాదనాల్సి వస్తుంది. మనుషులుగా మనం ఒక్కొక్కరం విడివిడిగా లేము, ఒకే మానవత్వంలో ఉన్నాం, చెడిందీ అందులోనే, బాగుపడేదీ అందులోనే.

సిలువ గురించి మీరు "ఎవరో ఒకాయన" అన్నారు చూశారా, చిక్కంతా ఆ మాటలోనే ఉంది. తప్పు నాది, కోపం దేవుడిది, మధ్యలో సంబంధం లేని మూడో మనిషిని పట్టుకొచ్చి చంపితే అది అన్యాయమే, అందులో అనుమానం లేదు. కానీ క్రైస్తవ విశ్వాసం అది చెప్పదు. యోహాను సువార్త మొదటి అధ్యాయం, సమస్తమూ ఎవరి మూలంగా కలిగిందో ఆ వాక్యమే యేసుగా శరీరధారి అయ్యాడంటుంది. అంటే సిలువ మీద ఉన్నది సృష్టికర్తే, మన మనిషితనాన్ని తీసుకుని. యేసు సృజించబడిన వాడేనని అరియస్ అనే బోధకుడు అన్నప్పుడు 325లో నికైయా సభలో అంత గొడవ జరిగింది ఏదో పండితుల చర్చ కోసం కాదు. మళ్ళీ కొత్తగా చేయడం మొదట చేసినవాడి వల్లే అవుతుందని అరియస్‌ని ఎదిరించిన అథనాసియస్ వాదించాడు, సృజించబడినవాడు ఎంత గొప్పవాడైనా సృష్టిని బాగుచేయలేడు. 451లో కల్కెదోను సభ యేసు నిజంగా దేవుడు, నిజంగా మనిషి అని రెండూ పట్టుకుంది. దేవుడు కాకపోతే రక్షించలేడు, మనిషి కాకపోతే ఆ రక్షణ మనది కాదు.

క్షమిస్తే సరిపోయేది కదా, చావడమెందుకు అని కూడా అడిగారు. క్షమాపణ ఎప్పుడూ ఉచితంగా జరగదు. నాకు ఇవ్వాల్సిన బాకీ నేను కొట్టేస్తే ఆ డబ్బు గాల్లో కలిసిపోదు, నష్టం నా మీద పడుతుంది. తీర్చేవాడైనా మోయాలి, వదిలేసేవాడైనా మోయాలి. దేవుడు వదిలేశాడు, ఆ బరువు తానే మోశాడు. పౌలు 2 కొరింథీ 5:19లో, క్రీస్తునందు లోకాన్ని తనతో సమాధానపరచుకున్నది దేవుడే అంటాడు. తండ్రి కోపంగా ఉన్నాడు, కొడుకు అడ్డం పడ్డాడు అన్నట్టు చెప్పే బోధలు వింటుంటాం, అది తప్పు. యోహాను 3:16లో ప్రేమించి కుమారుణ్ణి ఇచ్చింది తండ్రే.

ఇది ఎలా పనిచేసిందన్నదానికి కొత్త నిబంధన ఒక్క బొమ్మతో ఊరుకోదు. మార్కు 10:45 విమోచన క్రయధనం అంటుంది, కొలొస్సయి 2:15 శత్రువుల మీద విజయం అంటుంది, ఒకచోట గొర్రెపిల్ల బలి, ఒకచోట న్యాయస్థానంలో తీర్పు. మొదటి శతాబ్దాల వాళ్ళు మరణం మీద విజయాన్ని ఎక్కువగా చెప్పారు, పదకొండో శతాబ్దం చివర్లో ఆర్చిబిషప్ అన్సెల్మ్ దేవుని ఘనతకి మనిషి పడిన బాకీ గురించి రాశాడు, సంఘ సంస్కర్తలు లూథర్, కాల్విన్ తరం మన శిక్ష క్రీస్తు భరించడాన్ని ముందు పెట్టింది. వీటిలో ఒకటి పట్టుకుని మిగతావి తీసేస్తే సిలువ చిన్నదైపోతుంది. కృప వల్లనే రక్షణ అన్నదాని మీద శతాబ్దాలు పోట్లాడుకున్న లూథరన్లూ కాథలిక్కులూ 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. తేడాలన్నీ పోలేదు, కానీ మన పుణ్యం వల్ల కాదు, క్రీస్తు రక్షించే పని మీద విశ్వాసంతో కృప చేతనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని కలిసి చెప్పగలిగారు.

సిలువ దగ్గరే ఆగిపోకండి. మొదటి అధ్యాయంలో "చాలమంచిదిగ నుండెను" అన్న దేవుడు ఆ మాట వెనక్కి తీసుకోలేదనడానికి సాక్ష్యం పునరుత్థానం. లూకా 24 చూడండి, శిష్యులు భూతమనుకుని వణికిపోతుంటే యేసు తన చేతులూ పాదాలూ చూపించి, అప్పటికీ నమ్మలేకపోతుంటే తినడానికేమైనా ఉందా అని అడిగి, కాల్చిన చేప ముక్క తీసుకుని వాళ్ళ ఎదుటే తిన్నాడు. శరీరం వదిలించుకోవలసిన చెర అయితే సమాధి ఖాళీ కానక్కరలేదు. రోమా 8లో సృష్టి మొత్తం ప్రసవవేదన పడుతూ విడుదల కోసం ఎదురుచూస్తోందని ఉంది, ప్రకటన 21లో మనుషులు పైకి ఎగిరిపోరు, పరిశుద్ధ పట్టణమే దిగి వస్తుంది, "ఇదిగో సమస్తమును నూతనమైనవిగా చేయుచున్నాను" అని దేవుడు అంటాడు. వేరే కొత్తవి తెచ్చి ఇవి పారేస్తాననే మాట అక్కడ నాకు వినబడదు.

ఇది నమ్మితే రోజువారీ బతుకులోనూ తేడా వస్తుంది. ఎలాగూ కాలిపోయే లోకమే కదా అని నేలని, నీటిని, ఒంటిని, పక్కవాడి ఆకలిని వదిలేసే భక్తి క్రైస్తవ భక్తి కాదు. రోగుల్ని ముట్టుకుని బాగుచేసిన ప్రభువు వెంట నడిచేవాళ్ళకి శరీరాలు చిన్న విషయం ఎలా అవుతాయి?

చివరగా, నమ్మాక కూడా పాపం ఎందుకు వదలడం లేదని అడిగారు, దాని గురించే మీకు ఎక్కువ టెన్షన్ ఉన్నట్టుంది. నీతిమంతులుగా తీర్చబడడం దేవుడి తీర్పు, అది మన ప్రగతి మీద ఆధారపడి రోజూ మారదు. పరిశుద్ధపరచబడడం జీవితాంతం నడిచే పని. పౌలు రోమా 8:23లో, ఆత్మ ప్రథమఫలాలు పొందిన మనం కూడా లోపల మూలుగుతున్నాం అంటాడు, అంటే మూలుగు ఉండడం ఆత్మ లేదనడానికి గుర్తు కాదు. పడినప్పుడు ఆదాములా చెట్ల వెనక్కి పోవద్దు, వెంటనే ఒప్పుకోండి, వీలైతే నమ్మకమైన ఒక మనిషి దగ్గర కూడా. తప్పు వల్ల ఎవరికైనా నష్టం జరిగి ఉంటే వెళ్ళి సరిచేయండి, లూకా సువార్తలో సుంకరి జక్కయ్య చేసింది అదే, కృప అందిన తర్వాత చేశాడు, కృప కొనుక్కోవడానికి చేయలేదు.

చదవడానికి ఒక వరస కావాలన్నారు. ఆదికాండము 1 నుంచి 4 ఒకే కూర్చోడంలో, తర్వాత లూకా 15, రోమా 5, 8, తర్వాత లూకా 24, ప్రకటన 21, 22. రోమా 7ని మాత్రం 8 లేకుండా ఒంటరిగా చదవకండి, చాలామంది అక్కడే ఆగిపోయి కుంగిపోతారు. చదివాక ఆదాము విషయంలో ఇంకా మింగుడు పడకపోతే అడగండి, యెహెజ్కేలు 18, రోమా 5 పక్కపక్కన పెట్టి విడిగా రాస్తాను.